దడి ఎక్కడిదాకా వచ్చింది బావగారూ

చాట్రాయి,
18 ఫిబ్రవరి 2025

బావగారు పాండురంగారావు గారికి,

హనుమయ్య నమస్కరించి రాస్తున్నాడు. ఇక్కడ నేనూ, మీ చెల్లెమ్మ వెంకాయమ్మా, రెండు గేదెలూ బాగున్నాం. మీరు బాగున్నారని వెంకాయమ్మ ఫోన్లో విని నాకు చెప్పింది. నా చెవుల సంగతి మీకు తెలిసిందే. మీ అబ్బాయి సుభాష్ కొనిచ్చిన మిషన్ పెట్టుకుని ఫోన్ దగ్గరికి వెళ్తే అది కీచుమంటుంది గానీ మీ మాట వినపడదు. అందుకని మనిద్దరం కాయితం మీద మాట్లాడుకోవడమే మేలు. మీరు రిటైరైన రైల్వే గార్డు, తీరికకు లోటు లేదు. నాకూ మామిడితోటలో కాయ కోతకు వచ్చేదాకా పెద్ద పని లేదు.

విషయం ఏంటంటే, మా అమ్మాయి తేజస్వికి ఇప్పుడు నాలుగో నెల కదా. వేవిళ్ళు ఇంకా తగ్గలేదట. మీ ఇంటావిడ ఉంటే నేనీ ఉత్తరం రాసేవాణ్ణే కాదు. ఆ మహాతల్లి కన్నతల్లికంటే బాగా చూసేది. ఆవిడ పోయాక మీ ఇంట్లో పెద్ద ఆడదిక్కు లేదు. రెండో కాన్పు అత్తవారింట్లో జరగడం మర్యాద, దాన్ని నేను కాదనడం లేదు. కాన్పు మీ విశాఖపట్నంలోనే, మీ డాక్టరమ్మ దగ్గరే. ఈ లోపల ఏప్రిల్, మే నెలలు మాత్రం అమ్మాయినీ, మన మనవరాలు హంసికనూ మా దగ్గరికి పంపండి. అమ్మాయి తల్లి చేతి అన్నం తింటుంది, పిల్ల మామిడిపళ్ళు తింటుంది. సుభాష్‌ని అడిగితే మా నాన్న సరే అంటే నాకూ సరే అన్నాడట. ఇంత బుద్ధిమంతుడు ఎవరి పోలికో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఈ ఏడు పూత బాగానే వచ్చింది. తేనెమంచు పురుగు కొంచెం కనపడితే మందు కొట్టించాం. దేవుడి దయవల్ల గాలివాన రాకపోతే చిన్నరసాలు ఇంటినిండా ఉంటాయి. తినే నోళ్ళే లేవు.

మీ పచ్చజెండా కోసం చూస్తూ,
హనుమయ్య

విశాఖపట్నం,
24 ఫిబ్రవరి

బావగారికి,

మీ ఉత్తరం అందింది. చేతిరాత చూసి ముందు మందుల చీటీ అనుకుని తేజస్వికి ఇచ్చాను. ఆమె చదివిపెట్టింది. అమ్మాయి ఇప్పుడు కాస్త తింటోంది. నేను పెట్టిన చారు తప్ప ఏదైనా తింటోంది.

తేజస్విని పంపడానికి నాకేమీ అభ్యంతరం లేదు. హంసిక గురించే ఆలోచన. మీ ఇంటికి నేను రెండుసార్లు వచ్చాను. రెండుసార్లూ మీ వాకిలి ఎక్కడ అయిపోయిందో, రోడ్డు ఎక్కడ మొదలైందో తేల్చుకోలేకపోయాను. ఒకసారి మీ వాకిట్లో మంచం మీద కూర్చుని కాఫీ తాగుతుంటే ఆటోవాడు ఆపి, "విస్సన్నపేట వస్తారా అండీ?" అని నన్ను అడిగాడు. అంటే నేను ప్యాసింజర్లా కనపడ్డాను అన్నమాట. మీరు నమ్మరు గానీ వాడు కాసేపు వెయిట్ చేశాడు కూడా.

మామిడి సీజన్లో ఆ రోడ్డు మీద ట్రాక్టర్లూ లారీలూ ఎలా పోతాయో మీకు చెప్పాలా? హంసికకు మూడున్నరేళ్ళు. ఒకచోట కూర్చునే పిల్ల కాదు. చెప్పు ఒకటి తొడుక్కునేలోపల రెండో చెప్పు లేకుండానే లిఫ్టు దగ్గర ఉంటుంది. స్టేషన్లో ప్లాట్‌ఫారం అంచున పసుపు గీత అన్నా ఉంటుంది. మీ ఇంటికి ఆ గీత కూడా లేదు.

కాబట్టి దడి కట్టండి. ముళ్ళ కంప వద్దు, ముళ్ళ తీగ వద్దు, పిల్ల గీసుకుంటుంది. మంచి కర్రల దడి, తలుపుతో సహా. అది పూర్తయిందని రాయండి, టికెట్లు తీయిస్తాను. దడి లేకపోతే పిల్ల లేదు. చెల్లెమ్మను అడిగినట్టు చెప్పండి. ఆమె పంపిన గోంగూర పచ్చడి అయిపోయింది, సీసా మాత్రం భద్రంగా ఉంది.

ఎర్రజెండాతో,
పాండురంగారావు

చాట్రాయి,
5 మార్చి

బావగారికి,

దడి మొదలైంది. మొదలవడమే కాదు, దాదాపు అయిపోయింది. మీ రైల్వేవాళ్ళు పని చేస్తే మూడో లైను ఎప్పటికి వస్తుందో తెలియదు గానీ మా పని అలా ఉండదు.

మా వాకిలికి ఒకప్పుడు కంప ఉండేదండీ. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పీకేశారు. గోడ కడదామంటే ఇంకోసారి వెడల్పు చేస్తారనే పుకారు, కట్టిన గోడని కళ్ళముందే పడగొట్టించుకోవడం ఎందుకని ఊరుకున్నాను. మీరు ఎర్రజెండా ఊపాక కర్రల దడే మంచిదనిపించింది. మా తోటలో పనిచేసే పాల్ రాజు, నేనూ కలిసి తోట వెనక ఉన్న సుబాబుల్ చెట్లు కొట్టాం. మామిడితోట పెట్టుకుని సుబాబుల్ ఏంటని అడుగుతారేమో. మామిడి కర్ర నేలలో పాతితే చెదపురుగుకి విందు భోజనం పెట్టినట్టే. సుబాబుల్‌కీ చెద పడుతుంది గానీ బెరడు వలిచి, భూమిలోకి పోయే భాగాన్ని మంట మీద కాల్చి, తారు పూస్తే కొన్నేళ్ళు నిలుస్తుంది. మాది గరప నేల. గునపం వేస్తే నిప్పులు వస్తాయి. పొద్దున గుంటలో నీళ్ళు పోసి, నానాక సాయంత్రం తవ్వేవాళ్ళం. నా అరచేతులు చూస్తే మీరు జాలిపడతారు, అందుకే ఫొటోలో చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

రోడ్డు వైపు ఒక వరస, పెరట్లో గడ్డివామి వైపు ఒక వరస. గుంజలు పాతి, ఒక్కో వరసకి కిందా పైనా రెండు అడ్డ కర్రలు కట్టి, వాటికి నిలువు కర్రలు బిగించాం. వెంకాయమ్మ ఆజ్ఞ ప్రకారం నిలువు కర్రల నున్నని ముఖం రోడ్డుకి, అడ్డ కర్రలూ తీగ ముడులూ లోపలికి పెట్టాం. మా వైపు ఎవరు దడి కట్టినా అంతే. దారిన పోయేవాళ్ళకి మంచి ముఖం చూపించాలి, కుట్లు మనం చూసుకోవాలి. దానికి నీలం రంగు వేద్దామా అని కూడా అంది, నేను వినపడనట్టు ఊరుకున్నాను. చెవుడు వల్ల అప్పుడప్పుడు ఇలాంటి లాభాలు ఉంటాయి.

వెంకాయమ్మ ఫొటోలు తీసి అమ్మాయి ఫోన్‌కి పంపింది. కళ్ళజోడు పెట్టుకుని తీరిగ్గా చూడండి. చూసి టికెట్లు తీయించండి.

మీ దడి మేస్త్రి,
హనుమయ్య

విశాఖపట్నం,
11 మార్చి

బావగారికి,

ఫొటోలు చూశాను. పెద్దవి చేసి చూశాను. రోడ్డు మీద వెళ్ళే లారీ డ్రైవర్లకి చాలా అందంగా కనపడుతుంది, ఆ మాట ఒప్పుకోవాలి.

లోపలివైపు ఫొటోను హంసికకు చూపించాను. ఇదేంటమ్మా అంటే, "మెట్లు" అంది. చూశారా, మీకూ పాల్ రాజుకీ తట్టనిది. మీరు లోపలికి పెట్టిన ఆ రెండు అడ్డ కర్రలూ పిల్లలు ఎక్కడానికి కొలిచి పెట్టినట్టున్నాయి. కింద కర్ర మీద ఒక కాలు, పై కర్ర మీద ఇంకో కాలు, ఆ పైన రోడ్డు. ఈ పిల్ల కిటికీ ఊచలు పట్టుకుని బీరువా మీదికి ఎక్కిన పిల్ల. మీరు కట్టింది దడి కాదు బావగారూ, నిచ్చెన. మీ ఇంటికి వచ్చే దొంగకి కాదు, బయటికి పోయే పిల్లకి వేసిన నిచ్చెన.

అడ్డ కర్రలు బయటికి ఉండాలి. నిలువు కర్రల మధ్య నా పిడికిలి పట్టేదానికంటే ఎక్కువ సందు ఉండకూడదు, తల ఇరుక్కుంటుంది. తలుపు గడియ నా ఛాతీ ఎత్తున, బయటి వైపు ఉండాలి. చెల్లెమ్మకి దడి ముఖం మీద మోజు ఉంటే ఆమె రోడ్డు మీద నిలబడి చూసుకోవచ్చు.

నా గురించి అడగలేదు గానీ చెబుతున్నాను, బాగానే ఉన్నాను. మోకాలు ఒకటి రాజీనామా ఇస్తానంటోంది. నేను ఇంకా ఆమోదించలేదు.

తనిఖీ అధికారి,
పాండురంగారావు

చాట్రాయి,
20 మార్చి

బావగారికి,

మీ ఆజ్ఞ శిరసావహించాం. రోడ్డు వైపు దడి ముడులన్నీ విప్పి, ముందుది వెనక్కి, వెనకది ముందుకి తిప్పి కట్టాం. పాల్ రాజు ముడి విప్పినప్పుడల్లా మిమ్మల్ని తలుచుకున్నాడు. ఏమన్నాడో నాకు సరిగ్గా వినపడలేదు, వినపడినా రాయను. సందులు తగ్గించాం. పాల్ రాజు పిడికిలి మీ పిడికిలి కంటే పెద్దదేమోనని వెంకాయమ్మ పిడికిలితో కొలిచాం. గడియ పైకీ, బయటి వైపుకీ జరిపాం, ఇప్పుడు లోపలినుంచి అది వెంకాయమ్మకి అందడం లేదు. ఆవిడ కూడా లోపలే ఉండిపోతోంది.

దడి తిరగేసి కట్టామని ఊరంతా చూసి వెళ్తున్నారు. నిన్న మా కాయలు కొనే చార్లెస్ బండి ఆపి కాసేపు అటూ ఇటూ చూసి, "ఏంటండీ, రోడ్డుని లోపలేసి దడి కట్టారా? మేం ఇప్పుడు మీ ఇంట్లో ఉన్నామా?" అన్నాడు. కాఫీ కూడా అడిగాడు. వెంకాయమ్మకి తల కొట్టేసినట్టయింది. అన్నయ్యగారికి మా వాకిలి అందం అక్కర్లేకపోతే పోనీ, ఆ పిల్ల వస్తే చాలు, దడిని తలకిందులుగా కట్టమన్నా కడదాం అంటోంది.

ఒక మాట చెప్పనా? మీరు ఉత్తరానికో వంక పెడుతున్నారు. ఈసారి ఏం వంక పెడతారో అని పాల్ రాజు పందెం కాస్తున్నాడు. చూడబోతే మీకు దడితో పనే లేదు. పిల్లని పంపితే మేం తిరిగి పంపం అని మీ భయం. ఆ భయం నిజమే అనుకోండి. ఇక్కడ దూడ ఉంది, కోడిపిల్లలు ఉన్నాయి, చెట్టు కింద ఉయ్యాల వేస్తాం. వారం తిరిగేలోపల విశాఖపట్నం తాత ఎవరో కూడా ఆ పిల్లకి గుర్తుండదు. పంపించి చూడండి.

టికెట్ల కోసం ఎదురుచూస్తూ,
హనుమయ్య

విశాఖపట్నం,
26 మార్చి

హనుమయ్య గారికి,

మీ ఉత్తరం అందినది. ఎండలు ముదురుతున్నాయి. ఈ స్థితిలో తేజస్వికి ప్రయాణం మంచిది కాదని నాకు అనిపిస్తున్నది. ఈ వేసవికి వారిని పంపుట కుదరదు. వంటకు మనిషిని మాట్లాడుతున్నాను.

దడి మీకు ఎటూ ఉపయోగపడుతుంది.

ఇట్లు,
పాండురంగారావు

చాట్రాయి,
2 ఏప్రిల్

బావగారికి,

మీరు నన్ను బావగారు అనకపోయినా నేను అంటాను. మీ ఉత్తరం వెంకాయమ్మ పైకి చదివింది. మొదటి మాట దగ్గరే ఆగిపోయి నా వంక చూసింది. "ఏం రాశావు నువ్వు ఆయనకి?" అంది. నేను రాసింది రాసినట్టు చెప్పాను. ఆ తర్వాత ఆవిడ అన్నవి అన్నీ నాకు స్పష్టంగా వినపడ్డాయి, మిషన్ అవసరం రాలేదు.

తర్వాత అమ్మాయికి ఫోన్ చేసింది. తేజస్వి చెప్పిన సంగతులు నాకు ఇంతవరకు తెలియవు. మీ ఇంటావిడ పోయాక మీరు చాలా రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట. అప్పటికి హంసికకు మాటలు వస్తున్న రోజులు. ఆ పిల్ల మీ ఒళ్ళో కూర్చుని ఒక్కో మాటా నేర్చుకుంటుంటే మీకూ మాట తిరిగొచ్చిందట. జడ వేసేది మీరే, అన్నం తినిపించేది మీరే, సాయంత్రం రైల్వే గేటు దగ్గరికి తీసుకెళ్ళి పోయే ప్రతి రైలుకీ ఇద్దరూ పచ్చజెండా ఊపి వస్తారట. నా ఉత్తరం వచ్చిన రోజు మీరు అన్నం తినలేదని కూడా చెప్పింది. అది విని నా మనసు చివుక్కుమంది.

మనం బావలం కదా, ఎక్కడ చెయ్యి వేసినా నవ్వే వస్తుందనుకున్నాను. అక్కడ పుండు ఉందని తెలియదు. ఆ మాట రాయకుండా ఉండాల్సింది.

నా సంగతి కూడా ఒకటి చెబుతాను, ఇందులో వేళాకోళం లేదు. ఆ పిల్ల గొంతు నేను ఇంతవరకు సరిగ్గా వినలేదు. ఫోన్లో వెంకాయమ్మ నవ్వుతుంటే నేనూ నవ్వుతాను, దేనికో తెలియకుండా. ఎదురుగా కూర్చుంటే పెదాలు చూసైనా అర్థం చేసుకుంటాను. తాతా అంటే ఆ నోరు ఎలా తిరుగుతుందో చూడాలని ఉంది. అందుకే మీరు ఎన్నిసార్లు విప్పమంటే అన్నిసార్లు విప్పి కట్టాను. మీ దగ్గర్నుంచి పిల్లని లాక్కోవాలని కాదు.

అందుకని మీరు కూడా రండి. ముగ్గురూ కలిసి రండి. రెండు నెలలూ మా ఇంట్లోనే ఉండండి. కాదనకండి.

మీ బావ,
హనుమయ్య

విశాఖపట్నం,
7 ఏప్రిల్

బావగారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి కళ్ళజోడు తుడుచుకుని చదవాల్సి వచ్చింది.

మీరు తమాషాకి రాసింది అక్షరాలా నిజం. వంకలు పెట్టాను. మెట్ల వంక మాత్రం నిజమైనదే, దాన్ని వెనక్కి తీసుకోను. మిగతావి పెడుతూ పోతే వేసవి గడిచిపోతుందనుకున్నాను. సుభాష్ పొద్దున పోతే చీకటిపడ్డాక వస్తాడు. హంసిక లేకపోతే ఈ ఇంట్లో నాతో మాట్లాడేది ఫ్రిజ్ ఒక్కటే. ఇది ఎవరికీ చెప్పుకోలేదు. చెవులు వినపడని మనిషికి చెప్పుకోవడం తేలిగ్గా ఉంది.

మీ పిలుపు చాలా సంతోషం. కానీ నేను రాలేను. మా ఇంట్లో ఒక పట్టింపు ఉంది. వియ్యాలవారింట్లో మూడో రోజు అన్నం ముట్టకూడదు. మా నాన్న మా అన్నయ్య అత్తవారింట్లో రెండో రోజు సాయంత్రం కుండపోత వానలో, ఎంతమంది బతిమాలినా వినకుండా గొడుగు కూడా తీసుకోకుండా బయల్దేరాడు. మర్యాద నిలుపుకున్నాడు, నెలరోజులు దగ్గాడు. నేను మీ ఇంటికి వచ్చిన రెండుసార్లూ రెండో రోజే వెళ్ళిపోయింది అందుకే. మీరు మాత్రం తక్కువ తిన్నారా? కూతురింటికి వచ్చి కాఫీ తప్ప ఏమీ ముట్టకుండా సాయంత్రం రైలుకి పరుగెత్తుతారు. మన పట్టింపులు మనవి.

ఈ పిచ్చి ఇప్పుడు వదులుకోలేను. వదులుకుంటే మా నాన్న కలలోకి వచ్చి దగ్గుతాడు.

అయినా పిల్లల్ని ఆపను. డాక్టరమ్మను అడిగాను, ఏసీ బోగీలో వెళ్తే ఫరవాలేదంది. ఇరవైన సుభాష్ తీసుకొచ్చి దింపి వెళ్తాడు. హంసిక పెరుగన్నంలో ఉప్పు వేస్తే తినదు. జడ గట్టిగా వేస్తే ఏడుస్తుంది, వదులుగా వేయమని చెల్లెమ్మకు చెప్పండి. పడుకునే ముందు ఆ రోజు ఏయే రైళ్ళు వెళ్ళాయో చెప్పాలి. మీ ఊరికి రైలు లేదు కాబట్టి ట్రాక్టర్లతో సరిపెట్టండి. తను మాట్లాడేటప్పుడు ఎదురుగా కూర్చోపెట్టుకోండి, మీకు అర్థమవుతుంది. గొంతు వాళ్ళ నాయనమ్మదే.

నేను ఇక్కడ అలవాటు చేసుకుంటాను.

మీ బావ,
పాండురంగారావు

చాట్రాయి,
12 ఏప్రిల్

బావగారికి,

మీ పట్టింపుని నేను తప్పు పట్టను. చుట్టంగా వచ్చిన మనిషి మూడో రోజు అన్నం ముట్టకూడదు, సరే. పనికి వచ్చిన మనిషి సంగతి మీ నాన్నగారు ఏమన్నా చెప్పారా? చెప్పి ఉండరు. మా ఇంట్లోనూ ఒక పట్టింపు ఉంది. ఇంటి దగ్గర పనికి కుదిరినవాళ్ళకి ఆ పని పూర్తయ్యేదాకా పొద్దునా మధ్యాహ్నం రాత్రీ అన్నం పెట్టాలి. పని మధ్యలో వదిలేసి పోవడం వాళ్ళకి తప్పు, పెట్టకపోవడం మాకు తప్పు.

నాకిప్పుడు అర్జెంటుగా ఒక మనిషి కావాలి. పాల్ రాజు మామిడి కోతలకి వెళ్ళిపోయాడు. రోడ్డు వైపు దడి మీరు చెప్పినట్టే గట్టిగా ఉంది. పెరట్లో గడ్డివామి వైపు మాత్రం దడి లేదు. ఉన్నదాన్ని నిన్న నేనే ఊడబెరికాను. వెంకాయమ్మ చూసి, చెవులతో పాటు మతి కూడా పోయిందనుకుని పరుగెత్తుకొచ్చింది. సంగతి చెప్పాను. విని చెంగు బిగించి, రెండో వైపు తను పట్టుకుని లాగింది.

కాబట్టి చుట్టంగా రావద్దు, పనికి రండి. మర్యాదలు ఆశించకండి. ఏలూరు స్టేషన్‌కి అమ్మాయి కోసం కారు వస్తుంది, అందులో వెనక సీట్లో ఒదిగి కూర్చోండి. కాళ్ళకి నీళ్ళివ్వం, బట్టలు పెట్టం. పొద్దున చద్దన్నం, మాగాయ. మీకు గది లేదు, వాకిట్లో నవారు మంచం వేస్తాం. గునపం మేమే ఇస్తాం. గుంజలు నిలువుగా లేకపోతే విప్పించి మళ్ళీ కట్టిస్తాను, ఆ సుఖం ఏమిటో మీకూ తెలియాలి.

పనికి ఒప్పుకుంటే వెంటనే రాయండి. లేకపోతే ఇంకొకరిని చూసుకుంటాను.

ఇంటి యజమాని,
హనుమయ్య

విశాఖపట్నం,
16 ఏప్రిల్

హనుమయ్య గారికి,

పనికి కుదిరిన పాండురంగారావు రాసుకునేది.

షరతులన్నీ ఒప్పుకున్నాను. సుభాష్ టికెట్ రద్దు చేయించి నా పేరున తీయించాను. వాడు ఎందుకు నవ్వుతున్నాడో అడగలేదు. ఇరవైన నేనే తేజస్వినీ హంసికనూ తీసుకుని వస్తున్నాను. చద్దన్నం ఫరవాలేదు గానీ మాగాయతో పాటు పెరుగు కూడా ఉండాలని చెల్లెమ్మకు చెప్పండి.

తర్వాత గొడవ పడకుండా నా పనితనం గురించి ముందే చెప్పడం మంచిది. నేను ఈ జన్మలో గునపం పట్టలేదు. మోకాలు వంగదు, ఎండకు ఆగలేను, మధ్యాహ్నం పడుకోవాలి. సాయంత్రం పిల్లని తిప్పాలి. ఎంత కష్టపడినా రోజుకి ఒక కర్ర కట్టగలనేమో. అది కూడా సరిగ్గా వచ్చిందో లేదో మర్నాడు విప్పి చూసుకుంటాను. నాకు తెలిసినంతవరకు మే నెలాఖరుకి గానీ పూర్తి కాదు.

తొందరపెట్టే యజమాని దగ్గర నేను పని చేయను.

ఇట్లు,
పాండురంగారావు